మగదానికి లేని కార్డు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. కుందేళ్ళమ్మ అంటే చాలు, కరెంటు బిల్లు ఇచ్చేవాడు కూడా నేరుగా వచ్చి వాళ్ళ గుమ్మం ముందు ఆగుతాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు, షెడ్డులో రెండు వరసల బోనులు, బోనుకొక కాటుక ముద్దలాంటి కుందేలు. నల్లవి తప్ప ఇంకో రంగు పెంచదు. గోధుమవీ, మచ్చలవీ, తెల్లవీ ఆ షెడ్డు గడప తొక్కకూడదు. పెంపుడు జంతువులమ్మే దుకాణాలవాళ్ళు "కుందేళ్ళమ్మ నలుపు కావాలి" అని అడిగి మరీ పట్టుకెళ్ళేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడ మెడ ఒక బెత్తెడు పొడవు పెరిగేది.

బడికి వెళ్ళింది రెండేళ్ళే. అయినా ఆవిడకొక పద్ధతి ఉంది. ప్రతి ఆడకుందేలు బోనుకీ దారంతో ఒక కార్డు వేలాడుతుంది. ఈనిన మూడో రోజున పిల్లల పెట్టెలో చెయ్యి పెట్టి, తల్లి పీకి పరిచిన బొచ్చు పక్కకి తీసి చూస్తుంది. కళ్ళు తెరవని పిల్లలు, చర్మం బూడిద రంగులో ఉంటే నల్లవి, గులాబీ రంగులో ఉంటే తెల్లవి. నల్లపిల్లకి కార్డు మీద ఒక నిలువు గీత. తెల్లపిల్లకి ఒక సున్నా. రెండు సున్నాలు పడ్డాయా, ఆ ఆడదాని రక్తం మంచిది కాదని తీర్మానం చేసేసి ఆ వారంలోనే ఎవరికో ఒకరికి ఇచ్చేసేది.

మగది ఒక్కటే. పేరు దొర. నిలబెట్టిన చెవులూ, నిగనిగలాడే ఒళ్ళూ, ఎవరు చెయ్యి పెట్టినా కొరకని గుణమూ, అచ్చం దొరతనమే. దొర బోనుకి కార్డు లేదు. నాలుగేళ్ళలో తొమ్మిది ఆడవాటిని సాగనంపింది గానీ తెల్లపిల్లలు ఆగలేదు. "ఈ కాలం ఆడవాటిలో పస లేదు" అనుకునేది తప్ప, దొర వైపు తలెత్తి చూసిన పాపాన పోలేదు.

ఆవిడ కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు. కోడలు ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. వాళ్ళకొక్కతే కూతురు, ఎనిమిదేళ్ళది. జుట్టు తెలుపు, కనుబొమలు తెలుపు, కనురెప్పల వెంట్రుకలు కూడా తెలుపే. ఎండలోకి వెళ్తే కళ్ళు తెరవలేదు. కళ్ళద్దాలు పెట్టుకున్నా, చదవాలంటే పుస్తకం ముక్కుకి ఆనించుకోవాలి. అందరూ దూది అని పిలుస్తారు. ఒళ్ళు దూది గానీ నోరు దబ్బనం.

ఆ పిల్ల పుట్టిన రోజున ఆసుపత్రిలో జరిగింది ముందు చెప్పుకోవాలి. నర్సు బిడ్డను తెచ్చి కుందేళ్ళమ్మ చేతుల్లో పెట్టింది. పక్క మంచాలవాళ్ళు మెడలు సాచి చూశారు. ఎవరో "అయ్యో, ఇదేమిటి ఇలా ఉందీ" అన్నారు. మరుక్షణం కుందేళ్ళమ్మ నోటినుంచి మాట ఊడిపడింది.

"మా వైపు ఏడు తరాలు గాలించినా ఇలాంటిది లేదు. ఇది మీ వైపు నుంచి వచ్చిందే!"

వియ్యపురాలు మంచం కాళ్ళ దగ్గర ఫ్లాస్కు మూత బిగిస్తూ ఉంది. బిగించడం ఆపేసింది. పక్క మంచాలవాళ్ళు తలా ఒక మాట అనుకుని, ఆ మాటను తమ తమ వీధులకు మోసుకెళ్ళారు. వియ్యపురాలు ఆ తరవాత ఎనిమిదేళ్ళలో ఈ గుమ్మం ఎక్కలేదు. కోడలు మనవరాల్ని తీసుకుని తనే వెళ్ళొచ్చేది, వచ్చాక ఎవరితోనూ మాట్లాడకుండా మిషను ముందు కూర్చునేది.

అది అబద్ధమని ఆ రోజు ఆ వార్డులో ఒక్కరికే తెలుసు. అన్న మనిషికి.

కుందేళ్ళమ్మకి ఒక చెల్లెలుండేది. తల్లికి ఆఖరి కాన్పు. పాలలో ముంచి తీసినట్టు పుట్టింది. ఇంటి వెనక గదిలో ఉంచేవారు, కిటికీకి గోనెపట్టా కట్టి. వెలుతురు చూస్తే పిల్ల కళ్ళకి నొప్పి అని పైకి చెప్పుకునేవారు. అది నిజమే, కానీ పట్టా కట్టింది అందుకు కాదు. కుందేళ్ళమ్మే కంచం లోపలికి తీసుకెళ్ళేది. పిల్ల అడుగుల చప్పుడు బట్టి మనుషుల్ని గుర్తుపట్టేది, "అక్కా, ఇవాళ నీ చెప్పు తెగింది కదా" అనేది. మందబుద్ధి అని ఇంట్లో తేల్చేసిన పిల్ల. కుందేళ్ళమ్మని చూడ్డానికి పెళ్ళివారు వచ్చినప్పుడు నాన్న ఆ పిల్లని రెండు రోజులు ఎవరింట్లోనో దాచిపెట్టాడు. పెళ్ళయ్యాక ఊరికి దూరంగా ఏదో ఆశ్రమంలో వదిలేశారు. పద్నాలుగో ఏట జ్వరం వచ్చి పోయిందని ఉత్తరం వస్తే, కుందేళ్ళమ్మ అత్తవారింట్లో పొయ్యి ముందు కూర్చుని ఉంది. చదివించుకోవడానికి కూడా భయపడి, రెండేళ్ళ చదువుతో తనే కూడబలుక్కుని చదివి, పొయ్యిలో పెట్టేసింది. "ఏమిటా ఉత్తరం?" అని మొగుడు అడిగితే "మా ఇంటి పైకప్పు కారుతోందట" అంది. కూర దింపింది. ఏడవలేదు.

అదీ సంగతి.

ఇప్పుడు కోడలి చెల్లెలికి సంబంధం కుదరబోతోంది. ఆ అమ్మాయి మందుల దుకాణంలో పని చేస్తుంది. పక్క దుకాణం కుర్రాడూ తనూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆ ఎనిమిదేళ్ళనాటి మాట ఎలా పాకిందో ఏమో కుర్రాడి తల్లి చెవిన పడింది. ఆవిడ పోస్టాఫీసులో గుమాస్తా. ఏదైనా సరే పట్టుకుని చూస్తే తప్ప నమ్మే రకం కాదు.

బుధవారం పొద్దున కోడలు కుందేళ్ళకి గడ్డి వేస్తున్న అత్తగారి దగ్గరికొచ్చి నిలబడింది.

"ఆదివారం ఆవిడ ఇక్కడికొస్తుందట అత్తయ్యా. మిమ్మల్నే అడుగుతుందట."

"నన్నెందుకు?"

"అన్నది మీరు కదా."

కుందేళ్ళమ్మ చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది.

"మా గురించి మంచిగా చెప్పమని అడగట్లేదు" అంది కోడలు, నేల చూస్తూ. "ఆ మాట మళ్ళీ అనకండి. అంతే. చెల్లి రెండు రోజులనుంచి అన్నం ముట్టట్లేదు."

ఆ అడగడంలో కోపం ఉన్నా బాగుండేది. గొంతులో ఉన్నదల్లా అలవాటు. తగిలే దెబ్బకి ముందే ఒళ్ళు ముడుచుకునే అలవాటు.

గురువారం పశువుల డాక్టరమ్మ వచ్చింది, ఒక కుందేలు చెవిలో గజ్జి చూడ్డానికి. వయసులో చిన్నది, నవ్వు ముందు, మనిషి వెనక. చెవిలో మందు పోసి, చేతులు కడుక్కుని, బోనుల వెంట నడుస్తూ కార్డులు ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

"ఏంటి పెద్దమ్మా, ఆడవాళ్ళందరికీ జాతకాలు రాసిపెట్టారు, ఈ మహారాజుకి లేదేం?"

"మగదానికి కార్డేమిటమ్మా? అదేమన్నా ఈనుతుందా, పెడుతుందా?"

"ఈనదు సరే. పిల్లల్లో దాని వాటా ఏమీ లేదా?"

"ఉంటే ఉంది. చూడు ఎలా ఉందో, ఒంటిమీద ఒక్క తెల్ల వెంట్రుక చూపించు, నా చెవి కోసి నీ చేతిలో పెడతా."

"మీ చెవి మీ దగ్గరే ఉండనివ్వండి. దూదీ, మీ అమ్మ గుండీల డబ్బా తీసుకురా తల్లీ!"

దూది పరుగెత్తుకెళ్ళి డబ్బా తెచ్చింది. డాక్టరమ్మ గడ్డి బస్తా మీద కూర్చుని నల్లగుండీలు, తెల్లగుండీలు వేరు చేసింది.

"రంగుకి సంబంధించి ప్రతి కుందేలు దగ్గరా రెండు గుండీలు ఉన్నాయనుకోండి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. నల్లదీ తెల్లదీ కలిసి ఉన్నాయనుకోండి, పైకి నలుపే కనిపిస్తుంది. తెల్లది ఎక్కడికీ పోదు. కింద నక్కి ఉంటుంది. తన పిల్లకి ఇచ్చేటప్పుడు రెండూ ఇవ్వదు, ఒక్కటే ఇస్తుంది. ఏది ఇస్తుందో దాని చేతిలో కూడా లేదు, కళ్ళు మూసుకుని తీసి ఇచ్చినట్టే. దూదీ, నువ్వు దొరవి. ఇదిగో నీకొక నల్లది, ఒక తెల్లది. నేను ఆడకుందేల్ని. నాకూ అవే. కళ్ళు మూసుకుని తియ్యి."

"నల్లది!"

"నాదీ నల్లదే. నల్లపిల్ల. గుండీ మళ్ళీ లోపల వేసి తియ్యి."

"తెల్లది!"

"నాది నల్లది. అయినా నల్లపిల్లే. మళ్ళీ."

"తెల్లది!"

"నాదీ తెల్లదే. అదుగో, రెండూ తెల్లవే. ఇప్పుడు పైన కప్పడానికి నల్లది లేదు. మీ నానమ్మ కార్డు మీద సున్నా పడింది."

"అయితే నాలుగోసారి అలా వస్తుందా?" అంది దూది.

"నాలుగింట్లో ఒకటి అంటారు గానీ, వరసగా లెక్కపెట్టుకుని నాలుగోది అని కాదు. ఒక్కో పిల్లకీ మళ్ళీ కొత్తగా తీయాల్సిందే. ఇందాక ఏం తీశామో గుండీలకి గుర్తుండదు కదా. ఒకసారి ఈత మొత్తం నల్లవే కావొచ్చు, ఇంకోసారి మూడు తెల్లవి రావొచ్చు. కానీ ఒకటి మాత్రం ఖాయం పెద్దమ్మా, ఈ తెల్లపిల్ల పుట్టాలంటే ఇద్దరి దగ్గరా తెల్లగుండీ ఉండాలి. ఒక్కరిదే అయితే పుట్టదు."

కుందేళ్ళమ్మకి పాలడిపో నడిపే ఆవిడ గుర్తొచ్చింది. రెండు సున్నాలు పడ్డ ఒక ఆడకుందేల్ని ఆవిడకే ఇచ్చింది. మొన్న దారిలో కనిపించి "మా గోధుమరంగు మగదానితో ఐదు ఈతలు ఈనింది, ఒక్క తెల్లది లేదు, నువ్వేమో చెడ్డ రక్తం అన్నావు" అని నవ్వింది. ఇక్కడ చెడ్డదైంది అక్కడికెళ్ళి మంచిదెలా అయిందో కుందేళ్ళమ్మకి అప్పుడు అర్థం కాలేదు. తొమ్మిది బోనుల్లో తొమ్మిది ఆడవి మారాయి. మారనిది ఒక్క దొర.

"మరి చెవులో?" అంటోంది దూది. "తెల్లదాని చెవులు వాలిపోతాయా?"

"చెవులది వేరే డబ్బా. రంగు డబ్బాకీ దానికీ సంబంధం లేదు. తెల్లపిల్ల చెవులు నిలబడొచ్చు, వాలొచ్చు."

"నా వాగుడు కూడా వేరే డబ్బానా?"

"వేరే డబ్బాయే తల్లీ. అది నిండా ఉన్నట్టుంది."

దూది ముసిముసిగా నవ్వి, గుండీలు రెండు అరచేతిలో పెట్టుకుని కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని చూసింది. చూసి, చూసి, తేలిగ్గా అనేసింది.

"అయితే నా దగ్గర రెండూ తెల్లవే. ఒకటి అమ్మ ఇచ్చింది. ఒకటి నాన్న ఇచ్చాడు. నాన్నకి ఎవరిచ్చారు నానమ్మా?"

ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

డాక్టరమ్మ తల వంచుకుని సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆ పిల్ల తెల్ల కనురెప్పలు అల్లారుస్తూ ఎదురుచూస్తోంది.

"మీ తాతయ్య... మీ తాతయ్య ఇచ్చుంటాడు."

పోయి పన్నెండేళ్ళయిన మనిషి. వచ్చి కాదనలేడు. బతికుండగా పెళ్ళాన్ని ఒక్క మాట అని ఎరగడు. ఆయన నెత్తిన పెట్టేసింది.

కోడలు షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో సూది అలాగే ఉంది. "మావయ్యగారి వైపు ఎవరైనా ఉండేవారా అత్తయ్యా?"

"ఏమో... ఎవరో ఉండేవారని అనేవాడు."

ఆ అమ్మాయి మొహంలో వెలుగు చూసి కుందేళ్ళమ్మ కళ్ళు దించుకుంది. ఎనిమిదేళ్ళలో ఆ మొహం మీద అలాంటిది చూడలేదు.

"ఆదివారం ఆ ముక్క చెప్తే చాలు అత్తయ్యా! రెండు వైపులా ఉందంటే ఆవిడ ఇక మా వాళ్ళనే అనలేదు. ఉండండి, మావయ్యగారి చెల్లెలికి ఫోన్ చేసి అడుగుతాను. ఎవరో, ఎప్పుడో ఆవిడకి తెలిసే ఉంటుంది."

"వద్దు, ఇప్పుడెందుకు..."

"పేరూ ఊరూ లేకుండా చెప్తే పోస్టాఫీసావిడ నమ్ముతుందా?"

ఆడపడుచుకి ఇద్దరు పెళ్ళీడు కూతుళ్ళు. ఒక్క ఫోనుతో వాళ్ళ ఇంట్లోనూ వెతుకులాట మొదలవుతుంది. ఎవరు, ఎవరి వైపు, ఎవరి రక్తం అని. తను చేసిందల్లా బోను మార్చడమేనని కుందేళ్ళమ్మకి తెలిసింది. ఆ సున్నాల కార్డు ఒక ఆడదాని మెడలోంచి తీసి ఇంకో ఆడదాని మెడలో వేసింది. "ఆదివారం దాకా ఆగమ్మా, నేనే మాట్లాడతాను" అని మాత్రం అనగలిగింది. శుక్రవారమూ శనివారమూ కోడలు అడక్కుండానే టీ తెచ్చి ఇచ్చింది. ఆ టీ మింగుడు పడలేదు.

ఆదివారం మధ్యాహ్నం పోస్టాఫీసావిడ ఒక్కతే వచ్చింది. కుందేళ్ళమ్మ కొడుకు డిపోకి పోయాడు, ఇలాంటివి తనవల్ల కాదని. వచ్చినావిడ సన్నగా, పొడుగ్గా ఉంది, మాట్లాడేముందు ప్రతిసారీ గొంతు సవరించుకుంటుంది. దూది వెళ్ళి ఆవిడ మొహానికి జానెడు దూరంలో తన మొహం పెట్టి చూసింది.

"మీ ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉంది."

"ఉంది" అంది ఆవిడ, కొంచెం వెనక్కి జరిగి.

"మీరు వచ్చింది నా గురించేనా?"

"దూదీ, వెళ్ళి ఆడుకో" అంది కోడలు. దూది వెళ్ళలేదు. వాళ్ళమ్మ చీర కొంగు పట్టుకుని నిలబడింది.

పోస్టాఫీసావిడ గొంతు సవరించుకుంది. "పిన్నిగారూ, తప్పుగా అనుకోకండి. మావాడికి ఆ అమ్మాయంటే ప్రాణం. నేను అడ్డుపడే దాన్ని కాదు. కానీ వాళ్ళ రక్తంలోనే ఉందని మీరే అన్నారట. పరాయివాళ్ళు అంటే కొట్టిపారేద్దును. సొంత వియ్యపురాలే అందంటే..."

"అన్నాను."

"మీ వైపు లేదట కదా?"

కోడలు అత్తగారి వైపు చూసింది. చెప్పండి, మావయ్యగారి సంగతి చెప్పండి, అని ఆ చూపు. కుందేళ్ళమ్మ ఒళ్ళో చేతులు రెండూ ఒకదానితో ఒకటి పట్టుకుంది.

"ఉంది" అంది. "మా ఆయన వైపు కాదు. పాపం ఆయనకేమీ తెలీదు. నా వైపే. నా సొంత చెల్లెలు. అచ్చు ఈ పిల్లలాగే ఉండేది."

ఆగితే మళ్ళీ నోరు పెగలదేమోనని భయం వేసి ఆవిడ చెప్పుకుంటూ పోయింది. గోనెపట్టా, వెనక గది, పెళ్ళివారొచ్చినప్పుడు దాచిపెట్టడం, ఉత్తరం. మధ్యలో "నేనే కంచం తీసుకెళ్ళేదాన్ని" అంది, అదేదో గొప్ప అన్నట్టు వినిపించి సిగ్గేసి ఆగింది. ఆగి, మళ్ళీ అంది:

"ఆ రోజు ఆసుపత్రిలో నా మనవరాల్ని చూడగానే నాకు చెల్లెలే కనిపించింది. అందుకే అంత గట్టిగా అరిచాను. ఎవరూ నా వైపు చూడకూడదని. కుందేళ్ళలో కూడా అంతే చేశానమ్మా. తెల్లపిల్ల పుట్టాలంటే రెండు వైపులా ఉండాలట. వీళ్ళది ఒకటైతే నాది ఒకటి. మీ అబ్బాయి దగ్గర లేకపోతే వీళ్ళ చెల్లెలు ఎన్ని కాన్పులు కన్నా తెల్లబిడ్డ పుట్టదు. ఉంటే పుట్టొచ్చు, పుట్టకపోవచ్చు. పుడితే మాత్రం ఏం? ఇదిగో, మా ఇంట్లో ఉంది. మా అందరికంటే తెలివైంది."

"మా అబ్బాయి దగ్గర ఉందో లేదో ఎలా తెలుస్తుంది?" అంది పోస్టాఫీసావిడ నెమ్మదిగా.

"చూస్తే తెలీదు. నన్ను చూడండి, నాలో ఏమన్నా కనిపిస్తోందా?"

ఆవిడ కోడలు ఇచ్చిన టీ కప్పు అంచు వేలితో తడిమింది. "మా అత్తగారి వైపు ఒకాయన ఉండేవాడని విన్నాను, చెవుడు. ఆయన గురించి ఎవరూ మాట్లాడరు. నేనూ అడగలేదు." లేచి నిలబడింది. "మీరు చెప్పకపోతే ఈ సంబంధం వద్దనే చెప్పేసేదాన్ని పిన్నిగారూ. ఇంటికెళ్ళి మావాడితో మాట్లాడతాను." వెళ్తూ వెళ్తూ దూది తలమీద చెయ్యి వేసి, మళ్ళీ వెంటనే తీసేసింది, తాకొచ్చో లేదో తెలియనట్టు.

తలుపు వేసి కోడలు అక్కడే నిలబడింది.

"ఆవిడ పేరేంటి?"

"ఎవరిది?"

"మీ చెల్లెలిది."

"లోపలి పిల్ల అనేవాళ్ళం."

"పేరు అడుగుతున్నాను అత్తయ్యా."

"పెట్టలేదమ్మా. ఇవాళ, రేపు అనుకుంటూ... పెట్టనే లేదు."

కోడలు ఏడుస్తుందనుకుంది. తిడుతుందనుకుంది. ఆ రెండూ జరగలేదు. "ఎనిమిదేళ్ళు" అంది. "నా రక్తంలో ఏముందో అని ఇంకో బిడ్డ వద్దనుకున్నాను. ఆయనకి కూడా చెప్పలేదు ఎందుకో. మీ పక్కన కూర్చుని బఠాణీలు ఒలిచాను, మీకు జ్వరమొస్తే తడిగుడ్డ వేశాను. అప్పుడైనా ఒక్కసారి చెప్పాలనిపించలేదా?"

"అనిపించింది."

"మరి?"

"మా అమ్మకి మీరే చెప్పండి" అంది కోడలు. "ఫోన్లో కాదు. వెళ్ళి చెప్పండి." అని దూదిని తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే కుందేళ్ళమ్మ బస్సెక్కింది. వియ్యపురాలిది ఇస్త్రీ దుకాణం. రోడ్డు మీదికి తెరుచుకున్న చిన్న గది, పొడవాటి బల్ల, బల్ల మీద దుప్పటి, ఒక పక్క మడతలు, ఒక పక్క మూటలు. ఆవిడ ఎవరిదో తెల్లచొక్కా కాలరు మీద పెట్టె నడుపుతోంది. తలెత్తి చూసింది. ఆశ్చర్యపోయినట్టు కనిపించలేదు. కూతురు రాత్రే చెప్పేసి ఉంటుంది.

"వదినగారూ" అంది కుందేళ్ళమ్మ, వాకిట్లో నిలబడే. "ఆ రోజు నేనన్నది అబద్ధం. మా వైపు ఉంది. నాకు తెలుసు. తెలిసే అన్నాను."

బస్సులో ఇంకా చాలా మాటలు పోగేసుకుంది. అన్నీ ఎక్కడికో పోయాయి.

వియ్యపురాలు చొక్కా చేతులు మడిచింది. "అబ్బాయివాళ్ళు పొద్దున ఫోన్ చేశారు. సరేనన్నారు."

"అమ్మయ్య."

"మీకు అమ్మయ్య." చొక్కా పక్కన పెట్టి ఇంకొకటి తీసి పరిచి, దాని మీద నీళ్ళు చల్లింది. "నాకొకటి చెప్పండి. ఆ రోజు మీరు అన్నాక నేను ఇంటికొచ్చి ఏం చేశానో తెలుసా? మా పుట్టింటి వైపు అందర్నీ అడిగాను. ఎవరూ లేరన్నారు. అప్పుడు మా అత్తగారి మీద పడ్డాను. మంచాన ఉన్న మనిషి. చెంచాతో నీళ్ళు పోస్తూ అడిగాను వదినగారూ. 'నిజం చెప్పు, నీ వైపు ఎవరున్నారు, నా పిల్లకి ఈ గతి నీవల్లే పట్టింది' అని. 'ఎవరూ లేరమ్మా' అంది. నమ్మలేదు. పోయేదాకా ఆవిడతో మళ్ళీ నోరు విప్పి మాట్లాడలేదు. నీళ్ళు మాత్రం పోశాను."

"మీ వైపు నుంచీ ఒకటి వచ్చింది వదినగారూ. కాకపోతే అది ఎవరిదో..."

"తెలుసు. మా అమ్మాయి చెప్పింది. ఎవరిదో ఎవరికీ తెలీదట. ఆవిడది కావొచ్చు. నాదే కావొచ్చు. మా ఆయన తండ్రిది కావొచ్చు. ఎవరూ తెలిసి చేసింది కాదట." పెట్టె ఎత్తి పట్టుకుని ఆగింది. "మీరు వచ్చి నాతో చెప్పుకున్నారు. నేనెవరి దగ్గరికి వెళ్ళి చెప్పుకోవాలి?"

తన ఒక్క మాట వీధుల వెంట పాకిందనే కుందేళ్ళమ్మకి ఇప్పటిదాకా తెలుసు. అది ఈ గదిలోకి కూడా వచ్చి, ఎవరో ముసలామె మంచం పక్కన కూర్చుందని తెలీదు. క్షమించమని అడుగుదామని వచ్చింది. ఇప్పుడు అడిగితే, ఆ ముసలామె ఇవ్వాల్సిన మన్నింపు కూడా ఈవిడ దగ్గరే అడుక్కుంటున్నట్టుంటుంది. అడగలేదు.

ఇంతలో మూట పట్టుకుని ఒకావిడ వచ్చింది. మూట బల్లమీద పెడుతూ కుందేళ్ళమ్మని పైనుంచి కిందికి చూసింది. "ఎవరండీ, చుట్టాలా?"

"మా అమ్మాయి అత్తగారు" అంది వియ్యపురాలు.

"ఓ, ఆ తెల్లపాప నానమ్మా! పాపం, ఎక్కడినుంచి వచ్చిందో కదండీ ఆ రంగు!"

"నా దగ్గర్నుంచి" అంది కుందేళ్ళమ్మ. గొంతు పైకి రాలేదు, రెండోసారి గట్టిగా అంది. "నా దగ్గర్నుంచమ్మా. నా చెల్లెలు కూడా అలాగే ఉండేది."

ఆ వచ్చినావిడ రేపొస్తానని చెప్పి గబగబా వెళ్ళిపోయింది. వియ్యపురాలు కొత్త మూట విప్పి, బట్టలు ఒక్కొక్కటీ దులిపి బల్లమీద వేసుకుంది. కూర్చోండి అనలేదు. వెళ్ళమనీ అనలేదు. కుందేళ్ళమ్మ వాకిట్లో అలాగే నిలబడింది.